వెలుగుతో మాట్లాడే వేలెడంత పెట్టె

పిల్లలూ, రాత్రివేళ రైలుస్టేషనులో గార్డు చేతి దీపాన్ని మీరు చూసే ఉంటారు. ఆయన ఆకుపచ్చ దీపం ఊపితే రైలు కదులుతుంది. ఎర్రదీపం చూపితే ఆగిపోతుంది. గార్డు నోరు విప్పి ఒక్క మాట అనడు. ఒకవేళ అన్నా, అంత దూరాన ఇంజనులో ఉన్న డ్రైవరుకు వినపడదు. అయినా గార్డు చెప్పదలచుకున్నది దీపమే చెప్పేస్తుంది.

1874లో మొదలైన మన సికింద్రాబాదు స్టేషనులో ఈ దీపాల భాష ఎన్నో ఏళ్లు నడిచింది. కాని దీపంతో కబురు పంపటంలో రెండు చిక్కులున్నాయి. దీపానికీ చూసేవాడి కంటికీ మధ్య అడ్డు ఉండరాదు. అదీగాక, చేత్తో ఊపే దీపం నిమిషానికి ఎన్ని కబుర్లు చెప్పగలదు?

ఈనాడు అవే పట్టాల పక్కన, భూమిలో పాతిన గొట్టాలలో మరొక దీపం రాత్రింబగళ్లు మాట్లాడుతున్నది. దానికి కొండలు అడ్డు రావు, మలుపులు అడ్డు రావు. సెకనుకు వెయ్యి కోట్ల సార్లు వెలిగి ఆరటం దానికి మామూలు పని. ఆ దీపం ఉండే పెట్టె మీ వేలంత ఉంటుంది. దాన్ని ఆప్టికల్ మాడ్యూల్ అంటారు. అది ఎలా పని చేస్తుందో, ఏ పనికి ఏ పెట్టెను ఎంచుకోవాలో ఇప్పుడు చెప్పుకుందాం.

సికింద్రాబాదులో మారేడ్‌పల్లికి కొద్ది దూరాన, లాలాగూడ, తార్నాకల వైపు రైల్వేవారి శిక్షణాలయం ఒకటి ఉన్నది. దాని పేరు ఇరిసెట్. అది 1957 నవంబరు 24న ఏర్పడింది. దేశం నలుమూలల నుంచీ రైల్వే సిగ్నలు శాఖవారూ, టెలిఫోను శాఖవారూ అక్కడికి వచ్చి చదువుకుని పోతారు. గాజుపోగులో వెలుగును నడిపించే విద్య ఈనాడు వాళ్ల పాఠాలలో ఒకటి.

నీటిధారలో వెలుగు

వెలుగు తిన్నగా పోతుందని మీరు బళ్లో చదువుకున్నారు. మరి వంకర తిరిగిన గాజుపోగులో అది ఎలా పోతుంది? ఈ సంగతి తెలుసుకోవటానికి ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యవచ్చు.

నీళ్లు తాగే పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తున, పెద్దవాళ్ల చేత మేకుతో ఒక రంధ్రం చేయించండి. రంధ్రాన్ని వేలితో మూసి సీసా నిండా నీళ్లు పొయ్యండి. కింద ఒక గిన్నె పెట్టండి. గది చీకటి చేసి, రంధ్రానికి సరిగ్గా ఎదురుగా, సీసా అవతలి పక్క నుంచి టార్చిలైటు వెయ్యండి. ఇప్పుడు వేలు తీసెయ్యండి. నీటిధార వంపు తిరిగి గిన్నెలో పడుతుంది. ఆ ధార కింద అరచెయ్యి పెట్టి చూడండి! వెలుగు తిన్నగా గోడ మీదికి పోక, నీటితోపాటు వంగి వచ్చి మీ అరచేతిలో పడుతుంది.

ఇందులో మాయ ఏమీ లేదు. ధార లోపల ప్రయాణం చేసే వెలుగు ధార అంచును ఏటవాలుగా తాకుతుంది. నీటినుంచి గాలిలోకి అంత ఏటవాలుగా పోవటం దానికి సాధ్యం కాదు. అద్దానికి తగిలినట్టు వెనక్కు తిరిగి మళ్లీ నీళ్లలోకే పోతుంది. ఇట్లా అటూ ఇటూ తగులుతూ ధార వెంటనే నడుస్తుంది. దీనినే సంపూర్ణాంతర పరావర్తనం అంటారు. 1841లో జెనీవా నగరంలో డేనియల్ కొలడన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ వింతను చూపించాడు. 1854లో ఇంగ్లండులో జాన్ టిండాల్ కూడా నీటిధారతోనే దీన్ని ప్రదర్శించాడు.

నీటిధారకు బదులు సన్నని గాజుపోగు పెడితే? పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండనులో హెరాల్డ్ హాప్‌కిన్స్ అనే ఆచార్యుడితో కలిసి ఆ పనే చేశాడు. గాజుపోగులను కట్టగా కట్టి, వాటిగుండా బొమ్మను పంపవచ్చునని 1954లో వాళ్లు ప్రకటించారు.

అయితే ఆనాటి గాజు వెలుగును మింగేసేది. ఇరవై మీటర్లు పోయేసరికి నూటికి ఒక పాలు మిగిలేది. 1966లో చార్లెస్ కావో అనే శాస్త్రజ్ఞుడు, జార్జి హాక్‌హామ్‌తో కలిసి లెక్కలు కట్టి, “తప్పు గాజుది కాదు, అందులోని మలినాలది. వాటిని తీసేస్తే వెలుగు కిలోమీటర్ల దూరం పోగలదు,” అన్న సంగతి తేల్చాడు. 1970లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో ముగ్గురు శాస్త్రజ్ఞులు అటువంటి గాజుపోగును తీసి చూపించారు. కావోకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటి మేలురకం పోగులో పదిహేను కిలోమీటర్లు పోయినా వెలుగులో సగం మిగిలే ఉంటుంది.

పెట్టెలో ఏమున్నది?

కంప్యూటరుకు విద్యుత్తు భాష తప్ప మరొకటి తెలియదు. గాజుపోగులో నడిచేది వెలుగు. ఈ ఇద్దరికీ మధ్య ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీయే ఆప్టికల్ మాడ్యూల్.

అన్నిటికన్న ఎక్కువగా కనిపించే రకాన్ని పనివాళ్లు ఎస్.ఎఫ్.పి. అంటారు. పొడవు ఐదున్నర సెంటీమీటర్లు, వెడల్పు సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ. దాని ముఖాన రెండు కన్నాలుంటాయి. ఒక కన్నం వెనక లేజర్ దీపం ఉన్నది. అది విద్యుత్తు చెప్పినట్టు వెలిగి ఆరుతూ ఉంటుంది. రెండో కన్నం వెనక, వెలుగు పడితే విద్యుత్తు పుట్టించే చిన్న బిళ్ల ఉన్నది. ఒకటి నోరు, మరొకటి చెవి అన్నమాట. కంప్యూటర్లను కలిపే స్విచ్ అనే పరికరానికి ముందువైపు గూళ్లుంటాయి. ఈ పెట్టెను ఆ గూట్లో దోపి, కన్నాలకు గాజుపోగులు తగిలిస్తారు. అవసరమైతే స్విచ్ ఆపకుండానే ఒక పెట్టె తీసి మరొకటి పెట్టవచ్చు.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈ పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు. 1973లో అమెరికాలోని జెరాక్స్ కంపెనీ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనేవాళ్లు దీన్ని తయారు చెయ్యసాగారు. వెలుగు ఈథర్ అనే పదార్థంలో నడుస్తుందని పూర్వం శాస్త్రజ్ఞులు అనుకునేవారు. అటువంటి పదార్థం ఏదీ లేదని తరవాత తేలింది. లేని ఈథర్ పేరు మాత్రం ఈథర్‌నెట్‌లో నిలిచిపోయింది! మొదటి ఈథర్‌నెట్ సెకనుకు ముప్ఫై లక్షల అంకెలు పంపేది. ఒకటి, సున్న, ఈ రెండే దాని అంకెలు. 2002లో వేగం సెకనుకు వెయ్యి కోట్లకు చేరింది. 2010లో పదివేల కోట్లు, 2017లో నలభైవేల కోట్లు అయింది.

రెండు మారేడ్‌పల్లిల బడి

ఇప్పుడు ఎంచుకోవటం సంగతి చూద్దాం. మారేడ్‌పల్లి రెండు భాగాలు కదా: ఈస్ట్ మారేడ్‌పల్లి, వెస్ట్ మారేడ్‌పల్లి. ఒక బడికి తూర్పున ఒక భవనం, పడమట ఒక భవనం ఉన్నాయనుకోండి. రెండు భవనాల మధ్య రెండు కిలోమీటర్ల పొడవున కేబుల్ వేశారు. రెండుచోట్లా ఉన్న కంప్యూటర్లను సెకనుకు వెయ్యి కోట్ల అంకెల వేగంతో కలపాలి.

బడి కమిటీలోని పెద్దమనిషి ఒకాయన, “ఏమయ్యా, ఈ పెట్టెల్లో 300 మీటర్లవీ, 10 కిలోమీటర్లవీ, 80 కిలోమీటర్లవీ ఉన్నాయిట గదా. అన్నిటికన్న పెద్దదే కొంటే పోదా? ఎప్పటికైనా పనికొస్తుంది,” అన్నాడనుకుందాం.

తెలిసిన పనివాడు, “పోదండీ! డబ్బూ పోతుంది, పనీ కాదు. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి,” అంటాడు.

ఆ నాలుగు ప్రశ్నలూ ఇవి:

మొదటి ప్రశ్న: పోగు ఏ రకం?

గాజుపోగులు ముఖ్యంగా రెండు రకాలు. రెండింటి మొత్తం మందమూ ఒకటే: మీటరులో పది లక్షల వంతును మైక్రాను అంటారు, అటువంటివి 125. కాని వెలుగు నడిచే నడిమి దారి వేరు. సింగిల్ మోడ్ అనే రకంలో ఆ దారి 9 మైక్రాన్లు. మల్టీ మోడ్ అనే రకంలో 50 మైక్రాన్లు.

ఒకప్పుడు సికింద్రాబాదుకు బ్రాడ్ గేజి రైళ్లూ, మీటర్ గేజి రైళ్లూ వచ్చేవి. మీ తాతగారిని అడిగితే చెపుతారు. బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు, మీటర్ గేజికి 1000 మిల్లీమీటర్లు. రెండూ ఇనప పట్టాలే అయినా ఒక గేజి బండి రెండో గేజి మీద నడవదు. స్టేషనులో దిగి బండి మారవలసిందే. గాజుపోగులూ అంతే. 50 మైక్రాన్ల దారిలోంచి వచ్చిన వెలుగు 9 మైక్రాన్ల దారిలోకి పోవలసివస్తే, ముప్ఫై పాళ్లలో ఒక పాలుకు మించి లోపలికి పోలేదు.

మరి వెడల్పు దారే మంచిది కదా అంటారేమో! కాదు. వెడల్పు దారిలో కొంత వెలుగు నడిమిగా తిన్నగా పోతుంది, కొంత రెండు పక్కలా గోడలను తాకుతూ పోతుంది. ఒకేసారి బయలుదేరిన వెలుగు ముందూ వెనకగా చేరుతుంది. సెకనుకు వెయ్యి కోట్ల మెరుపులు పంపేటప్పుడు పోగులో ఒక్కొక్క మెరుపు పొడవు రెండు సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది. కాస్త వెనకబడితే ఒక మెరుపు మరొక మెరుపులో కలిసిపోతుంది. అందుచేత మల్టీ మోడ్ పోగు దగ్గరి దూరాలకే పనికివస్తుంది. అయితే దాని పెట్టెలు చవక.

పోగు రకాన్ని కేబుల్ రంగు చూసి గుర్తుపట్టవచ్చు. భవనాల లోపల వేసే పసుపుపచ్చ కేబుల్ సింగిల్ మోడ్. నారింజ రంగుదీ, లేత నీలాకుపచ్చదీ మల్టీ మోడ్. అయినా కేబుల్ మీద అచ్చువేసిన అక్షరాలు కూడా చదివి రూఢి చేసుకోవాలి.

రెండో ప్రశ్న: ఎంత దూరం?

ఒకే గదిలో మూడు మీటర్ల దూరమైతే గాజు అక్కరే లేదు, రాగి కేబుల్ చాలు. ఒక భవనంలో నూరు మీటర్ల దాకా కూడా రాగితీగతో సరిపెట్టుకోవచ్చు. రెండు భవనాల మధ్య మాత్రం గాజే మేలు. గాజులో విద్యుత్తు ప్రవహించదు గనక, ఒక భవనం మీద పిడుగు పడితే ఆ ఉత్పాతం గాజుపోగు వెంట రెండో భవనంలోకి పాకదు.

గాజుపోగు మీద వెయ్యి కోట్ల వేగానికి వాడే పెట్టెలు దూరాన్ని బట్టి ఇలా ఉంటాయి. ఎస్.ఆర్. అనేది మేలురకం మల్టీ మోడ్ పోగు మీద 300 నుంచి 400 మీటర్లు పోతుంది. ఎల్.ఆర్. అనేది సింగిల్ మోడ్ మీద 10 కిలోమీటర్లు, ఇ.ఆర్. 40 కిలోమీటర్లు, జడ్.ఆర్. 80 కిలోమీటర్లు. మన బడికి రెండు కిలోమీటర్లు కనక ఎస్.ఆర్. చాలదు. ఎల్.ఆర్. సరిపోతుంది.

మూడో ప్రశ్న: జత కుదిరిందా?

పెట్టెల లేజర్ వెలుగులకు కూడా రంగులున్నాయి, కాని అవి మన కంటికి కనిపించవు. ఎస్.ఆర్. వెలుగు తరంగం పొడవు 850 నానోమీటర్లు. ఎల్.ఆర్.ది 1310. ఇ.ఆర్., జడ్.ఆర్.లవి 1550. నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్ల వంతు. ఈ చివర ఎల్.ఆర్., ఆ చివర ఎస్.ఆర్. పెడితే పని జరగదు. రెండు చివరలా ఒకే రకం ఉండాలి.

దీనికి మినహాయింపు లాంటిది ఒకటి ఉన్నది. కేబుల్‌లో ఒక్క పోగు మాత్రమే ఖాళీగా ఉంటే, అందులోనే పోయే వెలుగునూ వచ్చే వెలుగునూ నడిపించవచ్చు. ఇందుకు బైడై అనే పెట్టెలున్నాయి. తూర్పు మారేడ్‌పల్లి పెట్టె 1270 రంగుతో మాట్లాడి 1330 రంగును వింటుంది. పడమటి పెట్టె 1330తో మాట్లాడి 1270ని వినాలి. పొరపాటున రెండు చివరలకూ ఒకే రకం కొన్నారో, రెండూ మాట్లాడుతూనే ఉంటాయి, ఏదీ వినదు! మీ ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్టు ఉంటే గోడకున్న ఆ సన్నని తీగలో జరిగేది కూడా ఇటువంటిదే. సాధారణంగా 1490 రంగు మీ ఇంటికి వస్తుంది, 1310 రంగు మీ ఇంటినుంచి పోతుంది.

నాలుగో ప్రశ్న: స్విచ్ ఒప్పుకుంటుందా?

నూరు కోట్ల వేగం పెట్టే, వెయ్యి కోట్ల వేగం పెట్టే చూడటానికి ఒకటే తీరు. ఒకదాని గూట్లో రెండోది పడుతుంది కూడా. గూట్లో పట్టినంత మాత్రాన పనిచేస్తుందని అనుకోరాదు. స్విచ్ ఆ వేగానికి తయారైనదేనా అన్నది చూడాలి. పదివేల కోట్ల వేగానికి వాడే క్యు.ఎస్.ఎఫ్.పి. అనే రకం కాస్త వెడల్పు. అందులో నాలుగు దారులుంటాయి గనక అది చిన్న గూట్లో పట్టదు.

మరొక సంగతి. ప్రతి పెట్టెలోనూ దాని కంపెనీ పేరూ, రకమూ, వేగమూ రాసిపెట్టిన చిన్న జ్ఞాపకశక్తి ఉంటుంది. స్విచ్ ముందు దాన్ని చదువుతుంది. కొన్ని స్విచ్‌లు తమకు తెలిసిన పేరు కనబడకపోతే ఆ పెట్టెను రానివ్వవు. అందుచేత కొనేముందే, “ఈ స్విచ్‌లో ఇది పనిచేస్తుందా? చెయ్యకపోతే వెనక్కు తీసుకుంటారా?” అని అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోవటం మంచిది.

వెలుగు జమాఖర్చు

పనివాడు అంతటితో ఆగడు. ఇంట్లో అమ్మ నెలజీతానికి లెక్క వేసినట్టు అతను వెలుగుకు లెక్క వేస్తాడు. ఖర్చును డెసిబెల్లలో కొలుస్తాడు. 3 డెసిబెల్లు ఖర్చయితే వెలుగు సగం మిగులుతుంది. 10 ఖర్చయితే పదోవంతు, 20 ఖర్చయితే నూరోవంతు.

ఎల్.ఆర్. పెట్టెకు దారిలో 6.2 డెసిబెల్ల ఖర్చు దాకా అనుమతి ఉన్నది. మన బడి ఖర్చు చూడండి. కిలోమీటరుకు 0.4 చొప్పున రెండు కిలోమీటర్లకు 0.8. రెండు చివరల తగిలింపులకు సగం చొప్పున 1.0. మధ్యలో నాలుగు అతుకులకు 0.1 చొప్పున 0.4. మొత్తం 2.2. ఇంకా 4 డెసిబెల్లు మిగులు! రేపు ఎక్కడో తవ్వకంలో కేబుల్ తెగి మళ్లీ అతికినా భయం లేదు.

ఇప్పుడు కమిటీ పెద్దమనిషి చెప్పిన 80 కిలోమీటర్ల పెట్టె సంగతి చూద్దాం. దాని నోరు చాలా గట్టిది, చెవి చాలా సన్నది. దూరాన్నుంచి వచ్చే గుసగుస వినటానికి చేసిన చెవి అది. రెండు కిలోమీటర్ల నుంచి అంత గట్టిగా అరిస్తే, అది భరించగలిగిన దానికి మూడింతల నుంచి ఎనిమిదింతల దాకా వెలుగు వచ్చి మీద పడుతుంది. అప్పుడు దానికి ఒకటీ సున్నా తేడా తెలియదు. ఒక్కొక్కప్పుడు చెవి శాశ్వతంగా పాడవుతుంది కూడా. దాన్ని వాడక తప్పకపోతే మధ్యలో అటెన్యుయేటర్ అనే చిన్న బిళ్ల పెట్టి వెలుగును తగ్గించాలి. అంటే, ఎక్కువ డబ్బు పోసి ఎక్కువ వెలుగు కొని, మళ్లీ డబ్బు పోసి దాన్ని ఆర్పుకోవటం! ఎల్.ఆర్. పెట్టెకు ఈ బాధ లేదు. దాని నోటికి తగ్గట్టే దాని చెవి ఉన్నది.

వాడటంలో పాటించవలసిన పద్ధతులు

సరైన పెట్టె కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. వాడటం తెలియాలి.

అన్నిటికన్న ముందు కంటి సంగతి. పెట్టె కన్నంలోకి గాని, గాజుపోగు చివరలోకి గాని ఎన్నడూ కన్ను పెట్టి చూడరాదు. వెలుగు కనబడటం లేదు కదా అనుకోవద్దు. ఈ రంగులు కంటికి కనిపించవు గనకనే ప్రమాదం ఎక్కువ. ఎండ తగిలితే మన రెప్ప దానంతట అదే మూసుకుంటుంది. కనిపించని వెలుగుకు రెప్ప మూసుకోదు. తెగిన ఫైబర్ ముక్క వీధిలో కనిపించినా ముట్టుకోరాదు. ఆ గాజు నలుసు చర్మంలో దిగితే తీయటం కష్టం.

రెండోది దుమ్ము. నడిమి దారి 9 మైక్రాన్లే అని చెప్పుకున్నాం. కంటికి ఆనని దుమ్ముకణం ఆ దారికి అడ్డంగా పడితే బాటకు అడ్డంగా బండరాయి పడ్డట్టే. అందుకని పనివాళ్లు ముందు పరికరంతో చివరను చూస్తారు, తరవాత ప్రత్యేకమైన గుడ్డతో తుడుస్తారు, ఆ తరవాతనే తగిలిస్తారు. చొక్కా కొంగుతో తుడవరు, నోటితో ఊదరు. వాడని కన్నానికి రబ్బరు మూత పెట్టి ఉంచుతారు.

మూడోది వంపు. గాజుపోగును కాగితంలా మడవరాదు. బాగా వంచితే వెలుగు అంచుదాటి బయటికి కారిపోతుంది. పోగును చుట్టి ఉంచేటప్పుడు చుట్ట పెద్దదిగా ఉండాలి.

నాలుగోది తగిలింపు రంగు. ఆకుపచ్చ తలకాయ ఉన్న తగిలింపులో గాజు కొస ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నీలం తలకాయలో అలా ఉండదు. పచ్చను నీలంతో కలిపితే మధ్యలో సందు మిగిలి వెలుగు వృథా అవుతుంది.

ఐదోది జ్వరం చూడటం. మంచి పెట్టె తన వేడి ఎంతో, తను పంపే వెలుగు ఎంతో, తనకు అందే వెలుగు ఎంతో తానే చెపుతుంది. బిగించిన రోజున ఆ అంకెలను ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. తరవాత ఎప్పుడైనా తేడా వస్తే, జబ్బు ఎక్కడున్నదో ఆ పాత అంకెలే పట్టిస్తాయి.

రైలుపట్టాల పక్కన

బడిలో పెట్టె పనిచెయ్యకపోతే ఒక పూట పాఠం పోతుంది. మరి రైళ్ల సంగతి?

రైలుమార్గాల వెంట ఫైబర్ కేబుల్ వేసి నడపటానికి 2000 సెప్టెంబరులో రైల్‌టెల్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. ఈనాడు దాని కేబుల్ మార్గం 60 వేల కిలోమీటర్లకు పైమాటే. సికింద్రాబాదు నుంచి కాజీపేటకు రైలుదారి 132 కిలోమీటర్లు. మేలురకం పోగులో 1550 రంగు వెలుగు పంపినా, ఆ కొసకు చేరేసరికి నాలుగువందల పాళ్లలో ఒక పాలు కూడా మిగలదు. అందుకని మధ్య స్టేషన్లలో వెలుగును అందుకుని, మళ్లీ కొత్త వెలుగుగా ముందుకు పంపుతారు. పూర్వం తపాలా మోసే మనిషి మజిలీ మజిలీకి సంచి చేతులు మార్చినట్టన్నమాట. ఒక్క మజిలీలో పెట్టె మూగబోతే కబురు అక్కడే ఆగిపోతుంది. అది ఆగకుండా రెండో దారి కూడా సిద్ధంగా ఉంచుతారు.

రెండు రైళ్లు ఎదురుపడకుండా కాపాడే ‘కవచ్’ అనే ఏర్పాటు ఉన్నది. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులో గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య దాన్ని పరీక్షించారు. రైల్వే మంత్రి స్వయంగా ఇంజనులో కూర్చున్నాడు. అదే పట్టా మీద ముందు మరొక ఇంజను ఉన్నది. మంత్రి ఎక్కిన ఇంజను దానికి 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగిపోయింది. ఇంజనుకూ స్టేషనుకూ మధ్య ఈ ఏర్పాటు రేడియోతో మాట్లాడుతుంది. స్టేషనుకూ స్టేషనుకూ మధ్య మాట్లాడటానికి గాజుపోగే ఆధారం.

ఇటువంటి చోట పెట్టెను ఎంచుకోవటంలో ఐదో ప్రశ్న ఒకటి కలుస్తుంది: ఎంత ఎండ? మామూలు పెట్టె 70 డిగ్రీల వేడి దాకా తట్టుకుంటుంది. తెలంగాణలో వేసవి ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు, పట్టాల పక్కనున్న ఇనప బీరువాలో వేడి ఇంకా ఎక్కువ. అందుకని అటువంటి చోట్ల 85 డిగ్రీలు తట్టుకునే గట్టిరకం వాడాలి. మంత్రి ఇంజను ఆగటానికి ఎంత తెలివి కావాలో, బీరువాలో సరైన పెట్టె ఉండటానికి కూడా అంత జాగ్రత్త కావాలి. ఎవరూ చూడని ఆ పెట్టెను సరిగా ఎంచిన మనిషికి, రైల్లో నిద్రపోతున్న వాళ్లందరూ రుణపడి ఉన్నారు.

మీరే చెప్పండి

1. బడిలో 150 మీటర్ల దూరాన ఉన్న రెండు గదుల మధ్య మేలురకం మల్టీ మోడ్ కేబుల్ వేసి ఉన్నది. వెయ్యి కోట్ల వేగం కావాలి. ఏ పెట్టెలు కొంటారు?

2. ఒక చివర 1330 రంగుతో మాట్లాడి 1270ని వినే బైడై పెట్టె ఉన్నది. రెండో చివర ఏది పెట్టాలి?

3. నిన్నటిదాకా బాగా నడిచిన దారిలో ఈ ఉదయం అందే వెలుగు పదోవంతుకు పడిపోయింది. అవతలివైపు పెట్టె పంపే వెలుగు మాత్రం ఎప్పటిలాగే ఉన్నది. కొత్త పెట్టె కొంటారా?

జవాబులు: 1. రెండు చివరలా ఎస్.ఆర్. పెట్టెలు. 2. 1270తో మాట్లాడి 1330ని వినే పెట్టె. 3. ఇప్పుడే వద్దు. పంపే పెట్టె బాగానే ఉన్నది కనక జబ్బు దారిలోనో, తగిలింపులోనో ఉన్నది. కేబుల్ ఎక్కడైనా నలిగిందేమో, గదిలో ఎవరైనా బల్ల జరిపి దాన్ని మడిచారేమో చూడాలి. తగిలింపు చివరను తుడిచి మళ్లీ పెట్టాలి. అప్పటికీ లాభం లేకపోతేనే కొనే ఆలోచన.